రియల్ బ్రదాస్: కాంప్టన్ అన్నదమ్ముల ఒకే ఒక్క ఆల్బమ్

(సంగీతాభిమానుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము.)

సభకు నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక్క రాప్ ఆల్బమ్ గురించి మాట్లాడబోతున్నాను. దాని పేరు 'రియల్ బ్రదాస్'. 1995 ఆగస్టులో అమెరికాలో విడుదలయింది. పాడినవారు కాలిఫోర్నియాలోని కాంప్టన్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు. అన్న డ్రెస్టా, తమ్ముడు బీ.జీ. నాకౌట్. ఇద్దరూ జంటగా స్టూడియోలో చేసిన పూర్తి ఆల్బమ్ ఇదొక్కటే. దీనికి ముందు లేదు, దీని తరువాత లేదు. ఈ పేర్లు మీలో చాలామంది విని ఉండరు. కానీ కాంప్టన్ రాపర్ ఈజీ-ఈ పాట 'రియల్ కాంప్టన్ సిటీ జీస్' విన్నవారు ఇక్కడ కొందరున్నారని నాకు తెలుసు. 'జీస్' అంటే గ్యాంగ్‌స్టర్లు. రేడియోలో వేయడానికి వీలుగా మార్చిన పేరది, అసలు పేరు సభలో పలకడానికి వీలు కానిది. ఆ పాటలో ఈజీతో పాటు మరి రెండు గొంతులు వినిపిస్తాయి కదా? ఆ రెండు గొంతులే వీళ్ళు. ప్రపంచానికి వీళ్ళు తెలిసింది ఆ ఒక్క పాటతోనే, అది కూడా వేరొకరి తగాదా పాట. నా ఉద్దేశంలో ఈ ఆల్బమ్ కథంతా అక్కడే ఉంది. వేరొకరి తగాదాలో సాక్షులుగా ప్రవేశించిన ఇద్దరు యువకులు, తమకంటూ ఒక చోటు వెతుక్కోవడానికి చేసిన ప్రయత్నం ఇది. ఆ ప్రయత్నం ఎంతవరకు సాగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

ముందు ఊరి సంగతి చెప్పాలి. కాంప్టన్ లాస్ ఏంజిలెస్‌కు దక్షిణాన ఉన్న చిన్న నగరం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతంలో టైర్ల ఫ్యాక్టరీలు, కార్ల ఫ్యాక్టరీలు నడిచాయి. నల్లజాతి కుటుంబాలు సొంత ఇళ్ళు కొనుక్కుని, ముందు పచ్చిక వేసుకుని, పిల్లల్ని బడికి పంపుకున్న ఊరది. పక్కనే ఉన్న సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. 1982లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మూతపడింది. నెల జీతం తెచ్చే పని పోయిన కొద్ది ఏళ్ళలోనే క్రాక్ అనే చవక కొకెయిన్ వీధిలోకి వచ్చింది. ఇంటి పెద్దకు పని లేని చోట, పదిహేనేళ్ళ కుర్రవాడికి సందు చివర రోజూ డబ్బు దొరుకుతుంటే ఏమవుతుంది? క్రిప్స్, బ్లడ్స్ అనే ముఠాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. క్రాక్ వచ్చాక వాటి చేతికి డబ్బు వచ్చింది, డబ్బుతో పాటు తుపాకులు వచ్చాయి. ఈ అన్నదమ్ములు పెరిగింది నటీ బ్లాక్ అనే క్రిప్ ముఠా పేటలో. తమ్ముడి పేరులోని 'నాకౌట్'ను ఇంగ్లీషులో రాసేటప్పుడు 'కే' అక్షరం ఉండవలసిన చోట రెండో 'సీ' పెడతారు. 'సీ' పక్కన 'కే' వస్తే క్రిప్‌లను చంపేవాడనే అర్థం వస్తుందని ఆ ముఠావారు ఆ జంట అక్షరాలను రాయరు. చూడండి, పేరు రాసుకునే తీరులో కూడా ప్రాణభయం ఉంది. ఈ 'కే' అక్షరాన్ని గుర్తుంచుకోండి, తరువాత మళ్ళీ వస్తుంది.

ఈ ఊరిని ప్రపంచపటం మీదకు తెచ్చింది ఈజీ-ఈ ఉన్న ఎన్.డబ్ల్యూ.ఏ. అనే రాప్ బృందం. ఈజీ-ఈ నడిపిన రూత్‌లెస్ రికార్డ్స్ నుంచి 1988లో 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్' వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, పోలీసులపై ఆ బృందం పాడిన పాటను తప్పుపడుతూ ఎఫ్.బీ.ఐ. అధికారి ఒకరు పంపిణీ కంపెనీకి ఉత్తరమే రాశారు. రేడియో ఈ పాటలను దూరంగా పెట్టింది. మరి జనానికి ఎలా చేరాయి? నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కాంప్టన్‌లో ఒక స్వాప్ మీట్ ఉండేది. స్వాప్ మీట్ అంటే పెద్ద షెడ్డు కింద బట్టలు, చెప్పులు, గొలుసులు, అన్నీ దొరికే చిన్న చిన్న దుకాణాల సంత. అందులో వాన్ జూన్ కిమ్ అనే కొరియా వలసదారుడు క్యాసెట్ల దుకాణం నడిపేవాడు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. పెద్ద దుకాణాలు పెట్టుకోని స్థానిక కుర్రవాళ్ళ క్యాసెట్లను ఆయన తన బల్ల మీద పెట్టి అమ్మాడు. కుర్రవాళ్ళు ఆయనను 'పాప్స్' అని, అంటే మన 'నాన్నగారూ' లాగా, పిలిచేవారు. గ్యాంగ్‌స్టా రాప్ అనగానే తుపాకీ బొమ్మలే గుర్తుకు వస్తాయి. అది ఒక చిన్న వ్యాపారి బల్ల మీద, చేతి నుంచి చేతికి నడిచిన సంగీతమని కూడా మనం తెలుసుకోవాలి.

ఇక తగాదా సంగతి. ఎన్.డబ్ల్యూ.ఏ. చీలిపోయింది. మొదట ఐస్ క్యూబ్ వెళ్ళిపోయాడు, తరువాత 1991లో డాక్టర్ డ్రే వెళ్ళిపోయి డెత్ రో కంపెనీ పెట్టడంలో భాగస్వామి అయ్యాడు. 1992 డిసెంబరులో డ్రే 'ద క్రానిక్' ఆల్బమ్ తెచ్చాడు. అందులోని ఒక పాటలో, దాని వీడియోలో, ఈజీ-ఈని దారుణంగా ఎగతాళి చేశాడు. 'స్లీజీ-ఈ' అని ఈజీని పోలిన ఒక పాత్రను పెట్టి, చివరికి ఆ పాత్ర రోడ్డు పక్కన అట్టముక్క పట్టుకుని, తిండి పెడితే రాప్ చేస్తానని అడుక్కుంటున్నట్టు చూపించాడు. అమెరికా అంతా ఆ వీడియో చూసి నవ్వింది. ఈజీ దానికి 1993లో జవాబిచ్చాడు. ఆ జవాబే ఇందాక నేను చెప్పిన పాట. సంగీతం కూర్చినవాడు రిథమ్ డీ. ఆ పాట వీడియోలో అదే స్లీజీ పాత్రను అదే నటుడి చేత వేయించి, కాంప్టన్ వీధుల వెంట తరిమి తరిమి, ఊరి పొలిమేర దాటించారు. డ్రే పాటల రాబడిలో తన కంపెనీకీ వాటా వస్తోందని కూడా ఈజీ అందులో గొప్పగా చెప్పుకున్నాడు. తనను తిట్టిన పాట తనకే డబ్బు తెస్తోందన్నమాట! పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 42వ స్థానం దాకా వెళ్ళింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ పాటలో ఈజీకి ఈ అన్నదమ్ములు ఎందుకు కావలసి వచ్చారు? ఈజీకి అప్పటికే పేరుంది, డబ్బుంది, కంపెనీ ఉంది. పాట రచనలో వీళ్ళ పేర్లూ ఉన్నాయి కనుక మాటల కోసం అనుకోవచ్చు. అది నిజమే. ఈజీ మొదటి నుంచీ ఇతరులు రాసిచ్చిన పాటలు పాడినవాడే, 'బాయ్స్-ఎన్-ద-హుడ్' రాసింది ఐస్ క్యూబ్. అయితే అసలు కారణం అది కాదని నేను అనుకుంటాను. ఆ పాటలో ఈజీ చేసిన వాదన ఒక్కటే: డ్రే వేషం వేస్తున్నాడు, మేము వేషం వేయడం లేదు. ఆ వాదనకు సాక్ష్యం కావాలి. వీధిలోనే ఉన్న, వీధిని ఇంకా వదలని ఇద్దరు కుర్రవాళ్ళు ఆ సాక్ష్యం. తమ్ముడికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. మిత్రులారా, దీని గురించి ఆలోచించండి. ఒక గాయకుడికి అతని గొంతు వల్ల విలువ వస్తే, గొంతును సాధన చేసుకుంటాడు. అతను నిజంగా ప్రమాదకరమైన మనిషి కావడం వల్ల విలువ వస్తే, అతను దేన్ని సాధన చేయాలి? దేన్ని రోజూ రుజువు చేసుకోవాలి? ఈ ప్రశ్న ఆ ఇద్దరినీ తరువాత వదలలేదు.

వీళ్ళ సొంత ఒప్పందం రూత్‌లెస్‌తో కాదు, ఔట్‌బర్స్ట్ అనే కంపెనీతో. దాని రికార్డులను న్యూయార్క్‌లోని డెఫ్ జామ్ విడుదల చేసేది. అప్పట్లో తూర్పు తీరపు కంపెనీలకు పశ్చిమ తీరం మీద గట్టి ఆశ కలిగింది. 1994లో కాలిఫోర్నియా రాపర్ వారెన్ జీ ఆల్బమ్ డెఫ్ జామ్‌ను ఆర్థికంగా నిలబెట్టింది. అలాంటి విజయం మరొకటి దొరుకుతుందని వాళ్ళు చూశారు. వ్యాపారపరంగా ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు.

ఆల్బమ్ బయటకు రాకముందే పెద్ద దెబ్బ తగిలింది. 1995 మార్చి 26న ఈజీ-ఈ ఎయిడ్స్‌తో మరణించాడు. ముప్ఫై ఏళ్ళు. జబ్బు సంగతి ప్రజలకు తెలియజేసిన పది రోజులకే మనిషి పోయాడు. చివరి రోజుల్లో డ్రే ఆసుపత్రికి వచ్చి ఆయనను చూసి వెళ్ళాడు. ఏ తగాదా ఈ అన్నదమ్ములను పాటలోకి తెచ్చిందో, ఆ తగాదా ఆసుపత్రి మంచం దగ్గర ముగిసిపోయింది. మరి ఈ ఇద్దరు? వీళ్ళను ముందుకు తెచ్చిన పెద్దదిక్కు లేడు. పోట్లాడవలసిన కారణం కూడా సగం పోయింది. అయిదు నెలల తరువాత ఆల్బమ్ వచ్చింది. ఈ నేపథ్యం తెలియకుండా వింటే ఇది మామూలు గ్యాంగ్‌స్టా ఆల్బమ్ లాగే వినిపిస్తుంది. తెలిసి వింటే అందులోని దుడుకుతనం కింద దిక్కుతోచనితనం వినిపిస్తుంది.

ఇప్పుడు ఆల్బమ్‌లోకి వెళదాం. సంగీతం జీ-ఫంక్ శైలిలో ఉంటుంది. నెమ్మదైన తాళం, కడుపులో మోగే బేస్, దాని మీద ఈల వేసినట్టు సాగే సన్నని సింథసైజర్ స్వరం. జార్జ్ క్లింటన్ బృందాలు 1970లలో చేసిన ఫంక్ సంగీతం దీనికి పునాది. ఈ శైలిని ప్రపంచానికి పరిచయం చేసింది డ్రే చేసిన 'ద క్రానిక్' అని అందరూ అంటారు. కాదు, తామే ముందు చేశామని రూత్‌లెస్‌లోని అబవ్ ద లా బృందం అంటుంది. ఏదైతేనేం, డ్రేను తిట్టడానికి వచ్చిన అన్నదమ్ములు కూడా పాడింది ఈ శైలిలోనే. ఊరు ఒకటి, కారు ఒకటి, కారులో మోగే సంగీతం ఒకటి. శత్రువులు మాత్రం వేరు.

గొంతుల విషయానికి వస్తే, నా దృష్టిలో ఈ ఆల్బమ్ ప్రాణం అదే. డ్రెస్టాది బరువైన గొంతు. తొందరపడడు. వాక్యం చివర ఆగి, ఆ ఆగిన చోటే భయపెడతాడు. తమ్ముడిది సన్నని, పదునైన గొంతు. తాళం కంటే ఒక అడుగు ముందు పరుగెత్తి, మళ్ళీ వెనక్కు వచ్చి అందుకుంటాడు. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంతగాడు అందుకుని దాన్ని మరో మెట్టు ఎక్కిస్తాడు కదా, ఆ అందుకోవడం ఇక్కడ ఉంది. అన్న పాడుతున్నప్పుడు చరణం చివరి పదాన్ని తమ్ముడు వెనుక నుంచి పలకడం, తమ్ముడు పాడుతున్నప్పుడు అన్న ఒక చిన్న ఊకొట్టుతో దాన్ని నిలబెట్టడం, ఇవన్నీ గమనించండి. ఒకే ఇంట్లో పెరిగినవారికి ఊపిరి తీసుకునే చోటు ముందే తెలుస్తుంది. సంగీత కంపెనీలు కూర్చిన జంటలకు ఇది రాదు. 1993 పాటలో వీళ్ళను అసలైన గ్యాంగ్‌స్టర్లుగా చూపించారు. రెండేళ్ళ తరువాత తమ ఆల్బమ్‌కు పేరు పెట్టుకునే అవకాశం వచ్చినప్పుడు వీళ్ళు తమను అసలైన అన్నదమ్ములుగా చెప్పుకున్నారు. ఆ ఎంపిక చిన్నది కాదని నా నమ్మకం.

ఆల్బమ్‌లో '50/50 లవ్', 'జెలసీ' అనే పాటలున్నాయి, ఈ రెండూ సింగిల్స్‌గా వచ్చాయి. 'కాంప్టన్ స్వాంగిన్' అనే పాట ఉంది, స్వాంగిన్ అంటే ఊగడం. పాత కార్లకు హైడ్రాలిక్ పంపులు బిగించి, ఒక మీట నొక్కగానే కారు ముందు భాగం పైకి లేచేలా, పక్కకు ఊగేలా చేసుకుని, ఆదివారం సాయంత్రాలు వీధిలో నెమ్మదిగా నడిపించడం ఆ ప్రాంతపు ఆచారం. ఎక్కువగా 1960లనాటి షెవర్లే ఇంపాలా కార్లు. చేతిపనితనం తెలిసిన వాళ్ళు, పని లేని ఊళ్ళో, ఆ పనితనాన్ని పెట్టిన చోటు అది. మూతపడిన కార్ల ఫ్యాక్టరీ గురించి ఇందాక చెప్పాను. ఆ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే ఈ ఆల్బమ్‌లోనే 'డీ.పీ.జీ./కే' అనే పాట కూడా ఉంది. డెత్ రోలోని డాగ్ పౌండ్ బృందం మీద తిట్టు పాట. చివరనున్న 'కే' అక్షరం ఏమిటో మీకు ఇప్పుడు తెలుసు. ఏ అక్షరాన్ని తన పేరులో 'సీ' పక్కన రాయడానికి తమ్ముడు ఇష్టపడలేదో, అదే అక్షరాన్ని ఎదుటివారి పేరు చివర తగిలించారు. పాటగా అది పదునైనదే, కాదనను. కానీ ఆ పాట వచ్చిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. సొంత ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళు మళ్ళీ పాత గొడవలోకి వెళ్ళిపోయినట్టు అనిపిస్తుంది. ఎందుకు వెళ్ళారు? కొనేవారు వాళ్ళ నుంచి ఎదురుచూసింది అదే కాబట్టి. ఆ రుజువు చేసుకునే పని గురించి ముందు చెప్పాను కదా, అది ఇదే.

ఇక మరొక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఆల్బమ్‌లో స్త్రీల గురించిన మాటలు చాలా నీచంగా ఉన్నాయి. వాటిని నేను సమర్థించను, కాలం అలాంటిదని కొట్టిపారేయను. సభలో యువతులున్నారు, వాళ్ళు ఈ పాటలు విని లేచి వెళ్ళిపోతే అది వాళ్ళ హక్కు. 1995 మే నెలలోనే సి. డెలొరెస్ టక్కర్ అనే పెద్దావిడ ఇటువంటి పాటలను అమ్ముతున్న టైమ్ వార్నర్ కంపెనీ వాటాదారుల సమావేశంలో లేచి నిలబడి ప్రశ్నించారు. ఆవిడను రాపర్లు ఎన్నో పాటల్లో వెక్కిరించారు. నల్లజాతి హక్కుల ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచిన మనిషి ఆవిడ. పెన్సిల్వేనియా రాష్ట్ర కార్యదర్శిగా పనిచేశారు. సంగీతాన్ని ప్రేమించే మనం ఆవిడను సంగీత ద్వేషిగా చూడడం అన్యాయం. ఆవిడ అడిగిన ప్రశ్నకు, అంటే ఈ మాటల వల్ల లాభపడుతున్నది ఎవరు అన్న ప్రశ్నకు, కాంప్టన్ కుర్రవాళ్ళ కంటే ముందు జవాబు చెప్పవలసినవారు పెద్ద కంపెనీల అధిపతులు. ఆ ఏడాది సెప్టెంబరులో టైమ్ వార్నర్, డెత్ రో రికార్డులను పంపిణీ చేసే ఇంటర్‌స్కోప్ కంపెనీలో తన వాటా వదిలించుకుంది. ఆ పాటలు ఆగాయా? ఆగలేదు. వేరే కంపెనీ అమ్మింది. అక్టోబరు చివరి రోజున డాగ్ పౌండ్ ఆల్బమ్ విడుదలై నేరుగా మొదటి స్థానానికి వెళ్ళింది.

'రియల్ బ్రదాస్' మాత్రం ఆల్బమ్‌ల పట్టిక అయిన బిల్‌బోర్డ్ 200లో మొదటి వంద స్థానాల్లోకి రాలేదు. విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. 1996 జనవరిలో వచ్చిన ఈజీ మరణానంతర ఆల్బమ్‌లో ఒక పాటలో ఈ అన్నదమ్ముల గొంతులు మళ్ళీ వినిపించాయి, అప్పటికి పక్కనున్న గొంతు చనిపోయిన మనిషిది. ఆ సెప్టెంబరులో టుపాక్, మరుసటి మార్చిలో నొటోరియస్ బీ.ఐ.జీ. అనే ఇద్దరు ప్రసిద్ధ రాపర్లు హత్యకు గురయ్యారు. తిట్టు పాటల వెనుక తూటాలుంటాయన్న సంగతి అందరికీ అర్థమయింది. తమ్ముడు హత్యాయత్నం కేసులో శిక్షపడి దాదాపు పదేళ్ళు జైలులో గడిపాడు. అక్కడే ఇస్లాం స్వీకరించాడు. రెండో ఆల్బమ్ ఎందుకు రాలేదని అడిగితే, దానికి సంగీతపరమైన కారణం వెతకనక్కరలేదు.

ఆ కాలపు చట్టాల సంగతీ చూడాలి. ముఠా సభ్యత్వం రుజువైతే శిక్ష పెంచే చట్టం కాలిఫోర్నియాలో 1988లో వచ్చింది. మూడో నేరానికి ఇరవై అయిదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా వేసే చట్టం 1994లో వచ్చింది. ఇలాంటి వాతావరణంలో, నేను అసలైన ముఠావాడినే అని పాడడమే ఒక కుర్రవాడి జీవనోపాధి. మార్కెట్టు ఆ మాట చెప్పమంటుంది, కోర్టు ఆ మాట విని శిక్ష పెంచుతుంది. అమెరికా కోర్టుల్లో ఎందరో రాపర్ల పాటలను ప్రాసిక్యూటర్లు సాక్ష్యంగా చదివి వినిపించారు. కళాకారుడి మాటలను అలా వాడుకోవడానికి హద్దులు పెడుతూ కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. 'రియల్ బ్రదాస్' వచ్చిన ఇరవై ఏడేళ్ళకు.

సమయం అవుతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. వినేటప్పుడు మొదటిసారి మాటలు వదిలేసి గొంతులు మాత్రమే వినండి, ఎవరు ఎక్కడ అందుకుంటున్నారో చూడండి. మాటలు రెండోసారి వినవచ్చు. ఇప్పుడు '50/50 లవ్' రేడియో ప్రతి వేస్తాను, ఆ తరువాత మీ ప్రశ్నలు తీసుకుంటాను. వెనుక వరుసలో ఉన్నవారు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి, ఈ స్పీకర్లలో బేస్ అక్కడిదాకా రాదు.